అంచు అరిగిన రాణి కాసు

ఐదు నెలలుగా ఆదివారం గుడి గంట మోగగానే ఎస్తేరమ్మ గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఎనభై రెండేళ్ల మనిషి. జ్వరమొచ్చినా, జోరున వాన కురిసినా, మోకాళ్లు పట్టేసినా గుడి మానని మనిషి. స్త్రీల సమాజానికి ముప్పయ్యేళ్లు పెద్దగా ఉన్న మనిషి. ఎడమవైపు మూడో వరసలో ఆమె చోటు ఖాళీగా ఉంటోందని పాస్టరయ్య రెండుసార్లు ఇంటికొచ్చి ప్రార్థన చేసి పోయాడు. ఆమె ఆమెన్ అంది, టీ ఇచ్చింది, గుడికి మాత్రం రాలేదు.

ఇదంతా ఒక్క కాసు మూలంగా. అసలు కాసును అని ఏం లాభం, దాన్ని పట్టుకుని జయపాల్ ఆడిన మాట మూలంగా. ఆ మాట గుర్తొస్తే ఎస్తేరమ్మ కూతురు సుకుమారికి ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

సుకుమారి ఉదయగిరి పక్కన తన సొంత ఊళ్లోనే సబ్‌సెంటర్లో నర్సు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. ఊళ్లో ముప్పయ్యేళ్ల లోపు వాళ్లలో ఆమె చేతి సూది పడనివాళ్లు తక్కువ, ఆమె నోటికి భయపడనివాళ్లు ఇంకా తక్కువ. తల్లి ఆమె దగ్గరే ఉంటోంది. జయపాల్ ఆమె చిన్నాయన కొడుకు, వరసకు అన్న. హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. బడి పోయాక చేతిలో బెత్తం లేక దిక్కు తోచక గుడి సంఘానికి కార్యదర్శి అయ్యాడు.

కాసు సంగతికొస్తే, అది వాళ్ల ముత్తవ్వది. మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసే రోజుల్లో ఒక దొరసాని ఓడెక్కి వెళ్లిపోతూ ఆమె చేతిలో పెట్టిపోయిందట. ఒకవైపు విక్టోరియా రాణి తల, రెండోవైపు గుర్రం మీద కూర్చుని పామును పొడుస్తున్న వీరుడు. రాణి కాసు అంటారు ఇంట్లో. ఇంటి పెద్దకోడలి దగ్గర ఉండాలని ఆనవాయితీ. ముత్తవ్వ నుంచి అవ్వకు, అవ్వ నుంచి ఎస్తేరమ్మకు వచ్చింది. ఎన్ని కరువులొచ్చినా, ఎన్ని అప్పులైనా దాన్ని తాకట్టు పెట్టిన పాపాన ఎవరూ పోలేదు.

నిద్రపోతున్న ఆ కాసును జయపాల్ లేపాడు. సెల్లులో ఏదో వీడియో చూశాడట, పాత రాణి కాసులకు పట్నంలో పిచ్చి గిరాకీ ఉందని. పెట్టెలో దాచుకుని ఏం చేసుకుంటాం పెద్దమ్మా, అమ్మి గుడికి ప్రహరీ కట్టిద్దాం, మిగిలింది అందరం పంచుకుందాం అన్నాడు. ఎస్తేరమ్మకు ఇష్టం లేదు. కానీ గుడి ప్రహరీ అన్నాక కాదనలేక ఇచ్చింది. దాన్ని ఆత్మకూరులో రామనారాయణ బంగారం కొట్టుకు పట్టుకెళ్లాడు.

రామనారాయణ మర్యాదస్తుడు. మిషన్లో పెట్టి చూసి ఇరవై రెండు క్యారెట్లు, బంగారానికి వంక పెట్టేపని లేదన్నాడు. తూకంలో పెట్టాక మాత్రం ముఖం ముడుచుకున్నాడు. రాణి కాసంటే సవర, ఇంచుమించు ఎనిమిది గ్రాములు తూగాలి. ఇది అర గ్రాముకు పైనే తక్కువుంది. అంచు చుట్టూ ఉండాల్సిన సన్న గాట్లు ఒకవైపు బొత్తిగా లేవు. బంగారం మంచిదే గానీ కాసు అసలుదో కాదో నేను చెప్పలేను, ఈ కాలంలో మంచి బంగారంతోనే దొంగ కాసులు కొడుతున్నారు అన్నాడు.

పెద్దమనిషి చెప్పిన పది మాటల్లో జయపాల్ చెవికెక్కింది ఆ చివరిదొక్కటే. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, గుడి ముందర నలభై మంది చెప్పులు వెతుక్కుంటూ ఉండగా, తీరిగ్గా అన్నాడు.

"అసలు కాసు పెద్దమ్మ ఎప్పుడో అమ్ముకోనుండాది. దీన్ని కొట్టించి పెట్టింది. కాదంటే ఆకురాయితో అంచు గీకి బంగారం తీసుకోనుండాది. రెండిట్లో ఏదో ఒకటి."

ఎస్తేరమ్మ అక్కడే ఉంది. బైబిలు గుడ్డసంచిలో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని ఇంటికొచ్చేసింది. ఆ పూట సుకుమారి పోలియో చుక్కల డ్యూటీలో ఉంది. ఉండుంటే జయపాల్ చెప్పులు అతనికి దొరికేవి కావు, ఇంకెవరి చేతిలోనో ఉండేవి.

ఆ సాయంత్రమే తల్లిని కూర్చోబెట్టి అడిగింది. ఆ అంచు ఎట్టా అరిగిందమ్మా అని. పాతది గదా, అరిగింది అంది ఎస్తేరమ్మ. ఒకవైపే ఎందుకు అరిగింది? ఏమో. ఎవరైనా అడిగి తీసుకున్నారా? లేదు. నువ్వేమైనా చేశావా? ఎస్తేరమ్మ లేచి పొయ్యి దగ్గరకు పోయింది. అంతే. ఆ ఐదు నెలల్లో సుకుమారి ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. బతిమాలింది, అరిచింది, అన్నం మానేసింది. తల్లి నోరు మాత్రం ముద్ద మింగడానికి తప్ప తెరుచుకోలేదు. దొంగవి అంటుంటే కాదని ఒక్క మాట అనడానికి ఏం అడ్డమొచ్చిందో సుకుమారికి అర్థం కాక, రాత్రిళ్లు పళ్లు కొరుక్కుంది.

ఆత్మకూరు బస్సు డిపోలో పాసులు రాసే హెన్రీ అని ఒకాయన ఉన్నాడు. పాత నాణేల పిచ్చి. జీతమంతా వాటికే పోస్తాడని భార్య పుట్టింటికి పోయి రెండుసార్లు తిరిగొచ్చింది. ఎవరో చెప్తే సుకుమారి జయపాల్ దగ్గర్నుంచి కాసు తెచ్చుకుని ఆయన దగ్గరకు పోయింది. ఆయన కాసును అంచులు పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, దీన్ని పెద్ద ఊళ్లో ఒక కంపెనీకి పంపుదామన్నాడు. వాళ్ల పనే అది. అసలుదా నకిలీదా తేలుస్తారు, ఎంత బాగున్నదో చూసి డెబ్బైకి ఇంత అని నంబరు వేస్తారు, తర్వాత గట్టి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి సీలు చేసి పంపుతారు. ఆ డబ్బీ మీద పడ్డ మాటను ఎవరూ కాదనరట.

సుకుమారికి ప్రాణం లేచొచ్చింది. నేరుగా జయపాల్ ఇంటికి పోయి చెప్పింది. అతను కళ్లజోడు పైకి నెట్టుకుని, హెడ్మాస్టరు గొంతుతో, మంచిదే, తెప్పించు అన్నాడు. కంపెనీవాళ్లు నంబరేసి పంపితే గుళ్లో అందరి ముందర లేచి నేనే పెద్దమ్మను క్షమాపణ అడుగుతానన్నాడు. ఈ మాట ఊరంతా తెలిసింది. మూడు నెలలపాటు ఊళ్లో సుకుమారిని చూసిన ప్రతివాళ్లూ బిడ్డకు జ్వరమని చెప్పే ముందు నంబరొచ్చిందా అని అడగడం మొదలుపెట్టారు. ఎవరికి వాళ్లే అంచనాలు కూడా వేశారు. డెబ్బైకి యాభై వస్తే ఫస్ట్ క్లాసని ఒకరు, పాతది కాబట్టి ముప్పై ఐదొచ్చినా పాసేనని ఒకరు.

చివరికి డబ్బీ వచ్చింది. హెన్రీ ఫోన్ చేసి, అక్కా, మంచీ ఉంది, చెడ్డా ఉంది, ఒకసారి వచ్చి మాట్లాడి తీసుకుపో అన్నాడు. సుకుమారికి ఆ రోజు టీకాల రోజు, కదలడానికి లేదు. డ్రైవరు చేతికిచ్చి బస్సులో పంపించమంది. ఆ చెడ్డేదో విని ఉంటే సగం రభస తప్పేది. కవరు అందుకుని, అందులోని కాగితం అయినా చదవకుండా, ఆనందంలో నేరుగా జయపాల్ అరుగు మీదికి పోయింది. అక్కడ పదిమంది పోగయ్యారు.

జయపాల్ డబ్బీని చేతిలోకి తీసుకుని చదివాడు. ఒకసారి చదివి, మళ్లీ చదివాడు. తర్వాత పరీక్ష పేపరు దిద్దుతున్నవాడిలా తలాడించాడు.

"నంబరు యాడుండాది?" అన్నాడు.

నంబరు లేదు. కాసు అసలుదని రాసుంది. దాని కింద, అంచు ఆకురాయితో గీయబడింది అని రాసుంది. డెబ్బైకి ఎంత అని ఉండాల్సిన చోట ఏమీ లేదు.

అసలుదని రాసుంది గదా అన్నా, ఆ మాట చదువు అంది సుకుమారి. అతను చదివాడు. చదివి, తెలుగులో అందరికీ వివరించాడు. ముప్పయ్యారేళ్లు పిల్లలకు మార్కులేసిన చెయ్యి అది. మార్కు లేని కాగితాన్ని పాసు చేసే అలవాటు దానికి లేదు. నంబరు రాలేదంటే ఫెయిలని అర్థం, పైగా ఆకురాయితో గీశారని కంపెనీవాళ్లే ఇంగ్లీషులో రాసిచ్చారు, నేనన్న రెండిట్లో ఒకటి తేలిపోయింది అన్నాడు. సుకుమారి గొంతు చించుకుంది. అసలుది అమ్ముకుందన్నావే, ఆ మాట అబద్ధమని తేలింది గదా అంది. తేలింది, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా, గీకిందన్న మాట మాత్రం ఉంటుందన్నాడు. అరుగు మీద వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని మెల్లగా జారుకున్నారు. తల్లి పేరు కడుగుదామని తన జీతం పోసి, మూడు నెలలు ఆగి, సీలు వేయించి మరీ దొంగతనానికి సర్టిఫికెట్ తెచ్చిపెట్టింది సుకుమారి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

మర్నాడు సెలవు పెట్టి ఆత్మకూరు బస్సెక్కింది. డిపోలో హెన్రీ ముందు డబ్బీని ఠక్కున పెట్టి, నంబరెందుకు వెయ్యలేదో చెప్పమంది. అంచు దెబ్బతిన్నవాటికి వెయ్యరక్కా, అది వాళ్ల పద్ధతి, అసలుదని మాత్రం రాసిస్తారు అన్నాడాయన. మనిషికి చెయ్యి విరిగితే వాడు మనిషి కాకుండా పోతాడా అంది సుకుమారి. పాసుల కోసం వరసలో నిలబడ్డ కాలేజీ పిల్లలు గబగబా రెండడుగులు వెనక్కి జరిగారు.

హెన్రీ సహనం ఉన్నవాడు. సెల్లులో కాసు అంచును పెద్దది చేసి తీసిన ఫోటో చూపించాడు.

"ఆకురాయి గీతలు ముతకగా, అడ్డదిడ్డంగా ఉంటాయక్కా. ఇవి చూడు, సన్నగా, నున్నగా, అన్నీ ఒకే వాటం. తడిరాయి మీద ఎన్నో ఏళ్లు కొంచెం కొంచెంగా అరగదీసినారు ఎవురో. దొంగైతే ఒక్క పూటలో గీకి పారేసుండును. ఇంత ఓపిక దొంగకు యాడుంటాది?"

అయితే ఆ ముక్కే కాగితం మీద రాయించు అంది. రాయరట. వాళ్ల జాబితాలో అంచు ఎట్టా అరిగినా ఆకురాయితో గీయబడింది అని ఒక్కటే మాట, ఎవరు అరిగించారు, ఎందుకు అరిగించారు అని వాళ్లు అడగరట. తిరుగు బస్సులో సుకుమారి కిటికీ పక్కన కూర్చుని కనిపించని కంపెనీవాళ్లనూ, కనిపించే జయపాల్‌నూ, ఇంట్లో మూగనోము పట్టిన తల్లినీ వరసపెట్టి తిట్టుకుంది.

ఇంటికొచ్చాక తల్లి ముందర డబ్బీ పెట్టి అరిచింది. తడిరాయి మీద అరగదీశారంటున్నాడు, ఎవరమ్మా ఆ అరగదీసింది? చెప్పవే, చెప్పి చావవే అని కూడా నోరు జారింది. ఎస్తేరమ్మ డబ్బీని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇది ఎట్టా తెరవాల అని మాత్రం అడిగింది. తెరవకూడదు, తెరిస్తే ఆ కాగితానికి విలువుండదు అంది సుకుమారి. ఎస్తేరమ్మ మొహం మొదటిసారి దిగులు పడింది. దొంగ అన్నప్పుడు పడని దిగులు డబ్బీ తెరుచుకోదంటే ఎందుకు పడిందో సుకుమారి ఆ కోపంలో ఆలోచించలేదు.

వారం తిరిగేసరికి జయపాల్ కూతురు షైనీకి ఆత్మకూరు ఆసుపత్రిలో కొడుకు పుట్టాడు. పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్ల. నాలుగో రోజు బాలింతను, బిడ్డను ఇంటికి తెచ్చారు. మాటలు లేకపోయినా ఉద్యోగం ఉద్యోగమే. ఐదో రోజు పదిన్నరకు బిడ్డను తూకం చూడటానికి సుకుమారి సంచి తగిలించుకుని జయపాల్ ఇంటికి పోయింది. జయపాల్ ఇంట్లో లేడు. గది తలుపు దగ్గరగా వేసుంది. బాలింత గదికి నర్సు తలుపు కొట్టి వెళ్లే అలవాటు ఆ ఊళ్లో లేదు. తోసుకుని లోపలికి పోయింది.

లోపల తన తల్లి ఉంది.

ఐదు నెలలుగా గడప దాటని ఎస్తేరమ్మ, తనను దొంగ అన్నవాడి ఇంట్లో, నేలమీద మఠం వేసుకుని కూర్చుని ఉంది. ఆమె ముందర గంధం అరగదీసే సానరాయి, దాని మీద తేనె చుక్క. పక్కన జయపాల్ భార్య దేవకమ్మ రెండు చేతులా అడకత్తెర పట్టుకుని, ఆ ప్లాస్టిక్ డబ్బీ మూలను దాని నోట్లో ఇరికించి నొక్కుతోంది. వక్కల్ని నుగ్గు చేసే అడకత్తెర డబ్బీని గీరను కూడా గీరలేకపోతోంది. మంచం మీద షైనీ బిడ్డను ఒళ్లో పెట్టుకుని, నొక్కమ్మా, గట్టిగా నొక్కు అంటోంది.

ముగ్గురూ సుకుమారిని చూశారు. అడకత్తెర దేవకమ్మ చేతిలోంచి జారి నేలమీద పడింది.

బిడ్డ నాలుకకు బంగారం. పుట్టిన బిడ్డకు బలం వస్తుందని, మాట చక్కగా వస్తుందని, తేనెతో తడిపిన రాయి మీద బంగారం అరగదీసి నాకించడం. సుకుమారికి తెలియనిదా? ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక ముసలామె అలా చేస్తుంటే పట్టుకుని, సానరాయి లాక్కుని వీధి కాలవలో విసిరేసి, ఇంకోసారి ఎవరైనా పసిబిడ్డకు తల్లిపాలు తప్ప ఇంకేదైనా నాకిస్తే పోలీసు కేసు పెడతానని నడివీధిలో కేకలు వేసింది తనే. ఆ గుంపులో తన తల్లి కూడా ఉంది. ఆ తర్వాత ఊళ్లో ఎక్కడా సానరాయి కనబడలేదు. తను మాన్పించాననుకుంది. మీటింగుల్లో చెప్పుకుంది కూడా.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

"మీ ముత్తవ్వ కాలం నుంచి. ఈ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ. చుట్టాల బిడ్డలకూ. నీక్కూడా" అంది దేవకమ్మ. "మన ఇంటి ఆడోళ్లందరికీ తెలుసు. మొగోళ్లకూ నీకే తెలీదు."

నా బిడ్డ ఏంజెలిన్‌కా అని సుకుమారి అడగబోయి ఆగింది. కాన్పయ్యాక తల్లి బిడ్డను స్నానానికని పక్క గదిలోకి తీసుకుపోయిన పొద్దులు కళ్ల ముందుకొచ్చాయి. నర్సు ఇంట్లో, నర్సు బిడ్డకు. తన ఇంట్లో సంగతి తెలియక ఊరంతా దిద్దుతూ తిరిగిన తెలివైనది తను.

కోపం ఎటు పోవాలో తెలియక ముందు దేవకమ్మ మీదికి పోయింది. నీ మొగుడు మా అమ్మను దొంగ అంటుంటే నీకు తెలిసీ నోరు మూసుకున్నావా వదినా అంది. దేవకమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎస్తేరమ్మే ఒట్టు వేయించుకుందని, తను చెప్పడానికి రెండుసార్లు నోటిదాకా తెచ్చుకుందని చెప్పింది. సుకుమారి తల్లి వైపు తిరిగింది. నేను అరుస్తాననా? నాకు భయపడి ఐదు నెలలు దొంగ అనిపించుకున్నావా?

"నీ అరుపులు నాకేమన్నా కొత్తా?" అంది ఎస్తేరమ్మ, సానరాయి మీది తేనెను కొంగుతో తుడుస్తూ. "ఈ మాట బయటపడితే ఊరు ఊరుకుంటాదా? నర్సమ్మ ఇంట్లోనే బిడ్డలకు బంగారం నాకిస్తారంట, మనకు మాత్రం కేసులంట అని నవ్వుతారు. మీ డాక్టరమ్మ దాకా పోతాది. ఇంక నీ మాట ఎవురు వింటారు? దొంగ అంటే అనేది నన్నొక్కదాన్నే గదా. అననీలే అనుకున్నా."

సుకుమారి మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. నోరు తెరువమ్మా, నోరు తెరువు అని ఐదు నెలలు ఇల్లు పీకి పందిరేసింది. ఆ నోటికి తాళం వేసింది ఇరవై ఎనిమిదేళ్ల కిందట తనే. ఏడుపొచ్చింది, తల్లిని కొట్టాలనీ అనిపించింది, రెండూ చెయ్యలేదు. ముందు తేనె సీసా తీసి సంచిలో వేసుకుంది. ఏమైనా సరే, ఈ బిడ్డకు మాత్రం తల్లిపాలు తప్ప ఏమీ వద్దు అంది. ఎస్తేరమ్మ సరేనన్నట్టు తలూపింది. సుకుమారి ఆ తలూపును నమ్మలేదు, సానరాయి కూడా తీసుకుంది.

అంతలో బయటి నుంచి జయపాల్ వచ్చాడు. గుమ్మంలో నిలబడి, అడకత్తెరను, డబ్బీని, పెద్దమ్మను చూసి ఏందిది అన్నాడు. సుకుమారి చెప్పింది. అరవకుండా చెప్పింది, అదే అతన్ని ఎక్కువ భయపెట్టినట్టుంది. అంతా విని, హెడ్మాస్టరు గొంతు ఎక్కడో వదిలేసి, నాక్కూడానా పెద్దమ్మా అని అడిగాడు.

"నీకే ఎక్కువ" అంది ఎస్తేరమ్మ. "ఏడో నెలలోనే పుడితివి. ఎలక పిల్లంత ఉంటివి. బతకడు, బట్టలు కుట్టించొద్దు అనింది మీ అవ్వ. మీ అమ్మకు లేచే సత్తువ లేదు. నలభై రోజులు తెల్లారేసరికి నేనే వచ్చి అరగదీసి నాకించినాను. ఆ అంచు ఎక్కువ అరిగింది అప్పుడే."

జయపాల్ ఆ డబ్బీని తీసి పెద్దమ్మ ఒళ్లో పెట్టాడు. ఆదివారం గుళ్లో లేచి చెప్తానన్నాడు. ఎస్తేరమ్మ వస్తానంది గానీ ఒక షరతు పెట్టింది. నాకించిన సంగతి మాత్రం నోటెంట రాకూడదు. నా కూతురి ఉద్యోగం ముందు, నా పేరు తర్వాత అంది. జయపాల్ ఆమె చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. సుకుమారిని ఎవరూ అడగలేదు.

ఆదివారం ఎస్తేరమ్మ తెల్లచీర కట్టుకుని, మూడో వరసలో తన చోట్లో కూర్చుంది. పక్కన సుకుమారి. ప్రకటనల వేళ జయపాల్ లేచి, కళ్లజోడు సవరించుకుని కాగితం తీశాడు. కాసు విషయమై తాను తొందరపడి అన్న మాటలకు చింతిస్తున్నానని, కుటుంబంలో విచారించగా అది అపార్థమని తేలిందని, పెద్దమ్మగారిని క్షమాపణ కోరుతున్నానని చదివాడు. చదివి కూర్చున్నాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు పాపం, ఒక్క ముక్క ఎక్కువ అనలేదు.

దాంతో ఏమైంది? వెనక వరసల్లో గుసగుసలు లేచాయి. అపార్థమంట. ఇంటి పరువు ఇంట్లోనే సర్దుకున్నారులే. మరి అంచు ఎట్టా అరిగినట్టో. కంపెనీవాళ్లే రాసిచ్చినారు గదా. సుకుమారి చెవులు రెండూ పనిచేస్తున్నాయి. ఒక్కొక్క మాటా వినిపించింది. ఎస్తేరమ్మకూ వినిపించింది. ఆమె బైబిలు తెరిచి అందులోకి వంగింది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టుంది ఈ క్షమాపణ, మొదటికన్నా అన్యాయంగా ఉంది అనుకుంది సుకుమారి.

పాట అయ్యాక, సాక్ష్యాలు చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా అని పాస్టరయ్య అడిగాడు. సుకుమారి లేచింది. ఎస్తేరమ్మకు వెంటనే అర్థమైంది. కూతురి కొంగు చివర పట్టుకుంది.

"నేను నర్సుని" అంది సుకుమారి. "బిడ్డకు ఆర్నెల్ల దాకా తల్లిపాలు తప్ప ఏమీ పెట్టొద్దని మీ ఇంటింటికీ వచ్చి తిట్టినదాన్ని. మా ఇంట్లోనే, నా బిడ్డతో సహా ప్రతి బిడ్డకూ, మా అమ్మ ఆ కాసు అరగదీసి తేనెతో నాకించింది. అది తప్పు. ఇప్పుడూ తప్పనే చెప్తా, రేపూ మీ ఇళ్లకొచ్చి తిడతా. కానీ ఆ పోయిన బంగారం యాడికీ పోలేదు. ఇక్కడే, ఈ గుళ్లోనే కూర్చోనుండాది. జయపాలన్నలో ఉండాది, నాలో ఉండాది, మీలో సగం మందిలో ఉండాది. ఈ మాట చెప్తే నా ఉద్యోగానికి చెడ్డపేరొస్తాదని మా అమ్మ ఐదు నెలలు దొంగ అనిపించుకోని పడుండాది."

ఎవరిదో చిన్నబిడ్డ ఏడ్చి ఊరుకుంది. ఎస్తేరమ్మ రెండు చేతులా కొంగు పట్టి లాగుతోంది, కూర్చోవే, నీకు పుణ్యముంటాది, చాలించవే, మీ డాక్టరమ్మకు తెలిస్తే ఎట్టా అని అంటోంది. సుకుమారి కూర్చోలేదు.